నాలుగేసి వేసే ముల్లు

వాచీల రిపేరు ముసలాయన తన బల్ల ముందు కూర్చునే చనిపోయాడు. భూతద్దం ఇంకా కంటికే ఉంది. పక్కన టీ సగం తాగి ఉంది. మిగతా సగంలో విషం ఉందని తరవాత ల్యాబ్ తేల్చింది. గోడ మీద గడియారాలు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

చనిపోవడానికి పావుగంట ముందు ఆయన ఒక రహస్య నంబరుకి ఫోన్ చేశాడు.

"మీ లిస్టు బంగారు వాచీలో ఉంది. దంతాల డాక్టరుది. ఏ వాచీయో చీటీ మీద రాశాను. చూస్తే మీకే..."

లైను తెగిపోయింది.

చీటీ ఆయన చొక్కా జేబులో దొరికింది. రిపేరుకొచ్చిన వాచీకి దారంతో ఒక సగం కట్టి, రెండో సగం షాపులో ఉంచుకుంటారే, ఆ రెండో సగం. దాని మీద పెన్సిలుతో మూడు మాటలు.

"నాలుగేసి వేస్తోంది. టైం కరెక్టే. రిపేరు వద్దన్నారు."

* * *

మూడు రోజుల తరవాత, పొద్దున్న ఎనిమిదింటికి, నిదానం ఆఫీసు మెట్లు ఎక్కుతున్నాడు. ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపు మీద "రిపేరులో ఉంది" అన్న కాగితం ఎంత పాతదంటే, పసుపురంగుకి తిరిగింది.

అతని అసలు పేరు ఫైళ్లలో ఎక్కడో ఉంది. ఆఫీసులో అందరూ నిదానం అనే అంటారు. వయసు యాభై ఏడు. ఏజెంటుగా ముప్పై ఏళ్ల సర్వీసు. సెలవు కోసం పెట్టిన అర్జీలు మూడు. మూడూ తిరిగొచ్చాయి.

"లేటు," అన్నాడు చీఫ్ తల ఎత్తకుండానే.

"మెట్లు."

"నిన్న కూడా అవే మెట్లు కదయ్యా."

"మెట్లు అవే. మోకాళ్లే నిన్నటివి కావు."

చీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. నున్నటి తల, తెల్లటి పళ్లు, ఖరీదైన కోటు.

"టార్గెట్. విదేశీ ఎంబసీలో దంతాల డాక్టరు. అసలు పని గూఢచారి రింగు నడపడం. హాబీ, పాత బంగారు క్వార్ట్జ్ వాచీలు పోగెయ్యడం."

"బంగారు వాచీలో బ్యాటరీయా?"

"ఒకప్పుడు అదే గొప్పట. తరవాత బ్యాటరీ వాచీలు వీధి వీధికీ వచ్చేసరికి వీటి పరువు పోయింది. ఇప్పుడు కొందరు పిచ్చివాళ్లు వెతికి వెతికి మరీ తెచ్చుకుంటున్నారు. ఈయన దగ్గర ఇరవై నాలుగున్నాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే సంవత్సరం."

"ఒకేలాంటివి ఇరవై నాలుగెందుకు?"

"మా ఆవిడని స్టీలు డబ్బాల గురించి అడుగు, చెప్తుంది. విను. ఆ ఇరవై నాలుగులో ఒకదాని లోపల మైక్రోచిప్ ఉంది. చిప్‌లో మన లిస్టు ఉంది. సరిహద్దు అవతల మనకోసం పనిచేసేవాళ్ల పేర్లు, పదకొండు."

నిదానం ఫొటోని బల్ల మీద బోర్లించాడు.

"ఇవాళ పొద్దున్న హోటల్లో కలెక్టర్ల ఎగ్జిబిషన్. పదకొండున్నరకి డాక్టరు అందులోంచి ఒక వాచీ చేతికి పెట్టుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్తాడు. ఒకటిన్నరకి ఫ్లైటు. ఏ వాచీ అన్నది మనకి తెలీదు."

"పెట్టుకున్నాక చూసుకుంటే సరిపోతుందిగా."

"పెట్టుకున్నాక ఆ చెయ్యి దౌత్యవేత్తది. వేలు తగిలినా రెండు దేశాల మధ్య గొడవ. పెట్టుకోకముందే మార్చెయ్యాలి. నీ దగ్గర అదే మోడల్ వాచీ ఒకటుంటుంది. ఛాన్సూ ఒకటే. అక్కడి కలెక్టర్ల సంఘం రూలు, ఒక సభ్యుడు ఒక్క వాచీనే చేతిలోకి తీసుకుని చూడొచ్చు."

"చీటీ సంగతేమైంది?"

"డీకోడింగ్ సెక్షన్ మూడు రోజులుగా దానిమీదే ఉంది. 'నాలుగు' అంటే నాలుగో ప్లాట్‌ఫారం అని ఒక థియరీ. 'టైం కరెక్టే' అంటే కొరియర్ సమయానికి వస్తాడని."

"ఇంకో వాచీ రిపేరువాణ్ణి అడిగారా?"

చీఫ్ మొహం చిట్లించాడు. "టాప్ సీక్రెట్ కాగితం బయటివాళ్లకి ఎలా చూపిస్తామయ్యా?"

నిదానం లేచాడు. తలుపు దగ్గరికెళ్లి ఆగాడు.

"ఆ పదకొండులో..."

"ఏడోది," అన్నాడు చీఫ్, ఈసారి తల ఎత్తి. "మీ చెల్లిదే. అక్కణ్ణించి మనవాళ్లని వెనక్కి తేవాలంటే రెండు రోజులు కావాలి. మనకున్నవి అయిదు గంటలు."

* * *

చెల్లి అవతలి దేశంలో టైలరింగ్ షాపు నడుపుతుంది. ఆమెని ఈ పనిలోకి దించింది నిదానమే. పన్నెండేళ్ల కిందట, "రెండేళ్లే, తరవాత వచ్చేద్దువుగాని," అని చెప్పి పంపాడు. వారానికోసారి ఆమె ఫోన్ చేస్తుంది. నీలం దారం ఉందంటే క్షేమం, ఎర్రదారం అయిపోయిందంటే ప్రమాదం.

ఆ ఫోన్ ఎనిమిదిన్నరకి మోగింది.

"అన్నయ్యా, నీలం దారం బోలెడుంది. మోకాళ్లకి నూనె రాస్తున్నావా?"

"రాస్తున్నాను."

"అబద్ధం. నువ్వు అబద్ధమాడేటప్పుడు ముందు ఊపిరి పీలుస్తావు. ఇక్కడిదాకా వినిపిస్తుంది."

వింటున్నవాళ్లు వేరే కూడా ఉంటారు. చెప్పడానికి లేదు. చెప్పినా ఎక్కడికి పారిపోతుంది?

"షాపు తొందరగా కట్టెయ్యి ఇవాళ," అన్నాడు.

"ఎందుకూ? పెళ్లివాళ్ల జాకెట్లు పదహారున్నాయి, నీకేం తెలుసు. ఉంటాను."

* * *

గాడ్జెట్ల గదిలో ఉండే పెద్దావిడని ఆఫీసంతా అత్తయ్య అంటారు. ఏజెంట్లని మందలించే హక్కు చీఫ్ తరవాత ఆవిడకే ఉంది. మందలింపులో చీఫ్ కంటే ఆవిడే ముందుంటుంది.

"కళ్లద్దాలు. ఎడమ అద్దం పక్కన నొక్కితే దూరంగా ఉన్నది దగ్గరకొస్తుంది. పెన్ను, ఏ తాళమైనా తీస్తుంది."

"రాస్తుందా?"

"రాయడానికి నీ దగ్గర ఏముంది నాయనా? మీసం, దీనికి చెమట పట్టించకు, ఊడిపోతుంది. ఇదిగో వాచీ. కొత్త బ్యాటరీ వేశాను. కీ తిప్పావంటే నవ్వులపాలవుతావు. ఇది కీ ఇచ్చే వాచీ కాదు."

నిదానం తన వాచీ విప్పి ఆవిడ చేతిలో పెట్టాడు. వాళ్ల నాన్నది. ముప్పై ఏళ్లుగా రోజూ పొద్దున్న సరిగ్గా పదింటికి దానికి కీ ఇస్తాడు.

"భద్రం," అన్నాడు.

"దీన్నెవరెత్తుకుపోతారు," అంది అత్తయ్య. కానీ మెత్తటి గుడ్డలో చుట్టే దాచింది.

* * *

హోటల్ రెండో అంతస్తులో పొడవాటి హాలు. నల్ల మఖ్మల్ పరిచిన బల్లలు, వాటి మీద బంగారు వాచీలు. తివాచీ ఎంత మెత్తగా ఉందంటే ఎవరి అడుగులూ వినపడవు. కలెక్టర్లు చెవి పక్కన వాచీ పెట్టుకుని కళ్లు మూసుకుంటున్నారు, పసిపిల్లల గుండె చప్పుడు వింటున్నట్టు.

నిదానం సభ్యత్వం కార్డు ప్రకారం రిటైరైన ఓడ కెప్టెన్. డాక్టరు బల్ల హాలు చివర ఉంది. గాజు పెట్టెలో నాలుగు వరసలు, వరసకి ఆరు. ఇరవై నాలుగు వాచీలు, ఇరవై నాలుగు సెకన్ల ముళ్లు. కవలపిల్లలకైనా పుట్టుమచ్చ ఉంటుంది, వీటికి అదీ లేదు.

డాక్టరు పక్కన నిలబడి ఉన్న ఆమెని చూడగానే నిదానానికి అలసట రెట్టింపయింది.

సంపెంగ. ఆమె వాడే అత్తరు వల్ల వచ్చిన కోడ్ నేమ్. ఇప్పుడు ఈ ఎగ్జిబిషన్‌కి వాచీ అసలుదో నకిలీదో తేల్చే ఎక్స్‌పర్టు. ఒకప్పుడు నిదానం దగ్గర శిష్యురాలు. ఇటు ఆఫీసుకీ అటు రింగుకీ పనిచేస్తోందని అందరికీ అనుమానం, ఎవరి దగ్గరా రుజువు లేదు. పచ్చటి పట్టుచీరలో ఆమె నడుస్తుంటే కలెక్టర్లు వాచీలు చూడ్డం మర్చిపోతున్నారు.

గోడ గడియారం పది కొట్టింది.

నిదానం కుడిచెయ్యి దానంతటదే ఎడమ మణికట్టు మీదకి వెళ్లింది. వేళ్లు కీ పట్టుకుని తిప్పసాగాయి. ఒకటి, రెండు, మూడు...

"గురువుగారూ," అని చెవి పక్కన గుసగుస వినపడింది. "క్వార్ట్జ్ వాచీకి కీ ఇచ్చే కలెక్టర్ని మొదటిసారి చూస్తున్నాను."

అతను చెయ్యి తీసేశాడు. అప్పటికే ఆలస్యమైంది.

"మీసం కూడా ఎడమవైపు లేస్తోంది," అంది సంపెంగ, నవ్వు మొహంతోనే. "వెళ్లిపోండి. మిమ్మల్ని పట్టిచ్చే ఓపిక నాకు లేదు."

"నీక్కూడా ఓపిక అయిపోయిందా?"

"ఎప్పుడో. ఇవాళ్టితో ఆఖరు. డాక్టరుతోపాటు నేనూ ఫ్లైటెక్కుతున్నాను. అక్కడ సముద్రం పక్కన ఇల్లిస్తారట. పొద్దున్నే లేచి ఏ పేరుతో లేచానో గుర్తుచేసుకునే పనుండదు."

నిదానం చిన్నగా ఊపిరి పీల్చాడు.

"లిస్టులో పన్నెండో పేరు నీది," అన్నాడు.

ఆమె నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్లలోంచి మాత్రం పోయింది.

"అబద్ధం. నా పేరు తీసేయించానని డాక్టరు చెప్పాడు."

"తీసేసిన లిస్టు చూపించాడా?"

ఆమె పచ్చటి కొంగు సర్దుకుంది.

"ఏడోది మా చెల్లిది. నీ పెళ్లి జాకెట్టు కుట్టింది, గుర్తుందిగా? పెళ్లి జరగలేదనుకో. జాకెట్టు మాత్రం బాగా కుట్టింది."

"రెండు పడవల మీద కాళ్లు పెట్టినదాన్ని, గురువుగారూ. ఏ పడవ మునుగుతుందో నాకు తెలీదనుకుంటున్నారా?" అంటూ ఆమె వెళ్లిపోయింది. ఏ పడవో చెప్పలేదు.

* * *

పదిన్నర అయింది. మోకాళ్లు ఇక నిలబడనివ్వలేదు. నిదానం కిటికీ పక్కన కుర్చీలో కూలబడ్డాడు. పక్క కుర్చీలో ఒక బామ్మగారు ఒళ్లో సన్నటి బంగారు వాచీ పెట్టుకుని కూర్చుంది.

"మంచి పని చేశావు బాబూ," అంది ఆవిడ. "వాచీని కూర్చునే చూడాలి. నిలబడి చూసేవాళ్లకి టైం తప్ప ఇంకేం కనపడదు. ఇది మా ఆయనది. ఆయన పోయిన రోజు కూడా నడుస్తూనే ఉంది. అప్పట్లో దీనిమీద నాకు ఎంత కోపమొచ్చిందో!"

"ఇప్పుడు?"

"ఇప్పుడు మేమిద్దరం ఒకరికొకరం తోడు."

నిదానం కళ్లద్దాల పక్కన నొక్కాడు. దూరంగా ఉన్న గాజు పెట్టె దగ్గరకొచ్చింది. ఇరవై నాలుగు ముళ్లు కలిసి కదులుతున్నాయి. టిక్. టిక్. టిక్. చూస్తూంటే నిద్రొచ్చేలా ఉంది. కనురెప్పలు వాలిపోతుండగా మూడో వరసలో ఏదో తేడాగా అనిపించింది. మిగతావన్నీ నడుస్తున్నాయి, ఒక్కటి మాత్రం ఆగింది. ఆగిపోయిందా? లేదు. ఉన్నట్టుండి ఒక్క గంతేసి మిగతావాటిని కలిసేసింది. మళ్లీ ఆగింది. మళ్లీ గంతు.

వరస మూడు, అయిదోది. అంటే పదిహేడు.

"బామ్మగారూ, వాచీ ముల్లు ఆగి ఆగి గంతులేస్తే ఏమిటండీ దానర్థం?"

"అయ్యో, అది తెలీదా? బ్యాటరీ సగం చచ్చిందని. బలం చాలనప్పుడు పొదుపుగా నాలుగు సెకన్లకోసారి కదులుతుంది. నాలుగేసి వేస్తోంది అంటారు రిపేరువాళ్లు. కానీ టైం మాత్రం కరెక్టే ఉంటుంది."

నిదానానికి ముసలాయన చీటీ గుర్తొచ్చింది. నాలుగేసి వేస్తోంది. టైం కరెక్టే. రిపేరు వద్దన్నారు.

అది కోడే కాదు. మూడు రోజులుగా ఎనిమిది మంది పీహెచ్‌డీలు బుర్ర బద్దలుకొట్టుకున్న ఆ ముక్క, రిపేరు షాపులో రోజుకి పదిసార్లు రాసే మాట. చిప్ పెట్టడానికి చోటు కావాలి. అందుకని మామూలు బ్యాటరీ తీసి సగం మందం ఉన్నది వేశారు. ఆగిపోయిన వాచీని ఎవడైనా విప్పి చూస్తాడు, నడిచేదాన్ని ఎవడూ విప్పడు. పాపం ముసలాయన సూటిగానే రాశాడు. చదివినవాళ్లే వంకర.

"ఎవరిది? డాక్టరుగారిదేనా?" అంటూ బామ్మగారు లేవబోయింది. "చెప్పాలి మరి. పాత బ్యాటరీ కారిందంటే లోపలంతా తుప్పే."

"మీరెందుకండీ శ్రమపడ్డం. నేను చెప్తానుగా."

"చెప్పు నాయనా. మర్చిపోకు," అని ఆవిడ మళ్లీ కూర్చుంది.

* * *

పదకొండుంపావు. నిదానం డాక్టరు బల్ల ముందు తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు.

పదిహేడు అడగకూడదు. ఆ నంబరు నోట వస్తే డాక్టరుకి అర్థమైపోతుంది. ఇంకేదో అడిగితే ఉన్న ఒక్క ఛాన్సూ పోతుంది. ముప్పై ఏళ్ల సర్వీసులో నేర్చుకున్నదంతా ఇక్కడ ఎందుకూ పనికిరాలేదు.

"కెప్టెన్‌గారూ, ఏది చూస్తారు?" అన్నాడు డాక్టరు పళ్లన్నీ చూపిస్తూ.

"పద్దెనిమిది," అన్నాడు నిదానం. అని సంపెంగ కళ్లలోకి చూశాడు.

పెట్టె తాళం తీసి వాచీ అందించడం ఎక్స్‌పర్టు పని. ఆమె పెట్టె మీదకి వంగింది. అంతలో పక్కనుంచి ఎవరో డాక్టర్ని పలకరిస్తే ఆయన అటు తిరిగాడు. సంపెంగ వాచీ తెచ్చి నల్ల మఖ్మల్ మీద పెట్టింది. ఆమె మొహంలో ఏమీ లేదు.

నిదానం భూతద్దం పెట్టుకుని వంగాడు. ముల్లు కదలడం లేదు.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

గంతేసింది.

పద్దెనిమిది అడిగితే ఆమె పదిహేడు తెచ్చింది. చిప్ ఏ వాచీలో ఉందో ఆమెకి మొదట్నించీ తెలుసు.

మిగతా పని వేళ్లకి వచ్చు. జేబురుమాలు తీసి అద్దం తుడిచాడు. రుమాలు జేబులోకి వెళ్లేసరికి మఖ్మల్ మీద ఉన్నది అత్తయ్య వాచీ. సంపెంగ దాన్ని తీసుకెళ్లి పదిహేడో గడిలో పెట్టింది.

"థాంక్యూ డాక్టర్," అని నిదానం వెనక్కి తిరిగాడు. తిరిగి అలాగే నిలబడిపోయాడు.

ఇందాక డాక్టర్ని పలకరించింది బామ్మగారు.

"ఈ బాబు చెప్తాడో లేదోనని నేనే వచ్చాను," అంటోంది ఆవిడ హాలంతా వినపడేట్టు. "ఇందాక వచ్చి చూశాను, మీ మూడో వరసలో ఒకటి నాలుగేసి వేస్తోందండీ. బ్యాటరీ మార్పించండి."

డాక్టరు పళ్లు మాయమయ్యాయి. అతని చూపు బామ్మగారి మీంచి నిదానం మీదకి, నిదానం మీసం మీదకి వెళ్లింది. మరుక్షణం గాజు పెట్టె వైపు పెద్ద అంగలు వేశాడు.

కొత్త బ్యాటరీ. కొత్త బ్యాటరీ ఒక్కో సెకనూ ఆరోగ్యంగా నడుస్తుంది. డాక్టరు వంగి చూడ్డానికి నాలుగు సెకన్లు చాలు. అవతలి దేశంలో చెల్లి ఈ పాటికి ఎన్నో జాకెట్టు మీదుందో.

మూడు అడుగులు. రెండు. డాక్టరు గాజు మీద చేతులు ఆనించాడు.

సంపెంగ వాచీ ఎత్తి, గోటితో కీ బయటికి లాగింది. ముల్లు యాభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

"నిజమే డాక్టర్. నేనూ గమనించాను," అంది ఆమె తాపీగా. "ప్రయాణంలో బ్యాటరీ కారకుండా కీ లాగి పెట్టేశాను. అక్కడికెళ్లాక మార్పించుకోండి."

"ఏ కలెక్టరైనా చేసే పనే అది," అంది బామ్మగారు మెచ్చుకోలుగా. చుట్టూ నలుగురైదుగురు తలలూపారు.

ఆపొద్దని డాక్టరు అనలేడు. ఎందుకొద్దో అంతమంది ముందు చెప్పలేడు. ఆగి ఉన్న వాచీని ఒక క్షణం చూశాడు. గోడ గడియారం చూశాడు. పదకొండున్నర. వాచీ చేతికి పెట్టుకున్నాడు. పళ్లు మళ్లీ కనపడ్డాయి.

"కారు వచ్చింది. పద," అన్నాడు సంపెంగతో.

"మీరు పదండి. పెట్టె సర్దించి వస్తాను."

ఆమె పెట్టె సర్దించింది. తరవాత వెనక తలుపు వైపు నడిచింది. నిదానం పక్కనుంచి వెళ్తూ, "జాకెట్టు నిజంగానే బాగా కుట్టింది," అంది.

వెనక తలుపు దాటి ఆమె కుడివైపు వెళ్లిందో ఎడమవైపు వెళ్లిందో నిదానం చూడలేదు. చూస్తే రిపోర్టులో రాయాల్సొస్తుంది.

* * *

మధ్యాహ్నం మూడింటికి అత్తయ్య పదిహేడో వాచీ వెనక మూత విప్పింది. గోరంత చిప్, దాని కింద బిళ్లంత పల్చటి బ్యాటరీ.

"చీటీ నాకు చూపిస్తే మూడు రోజుల కిందటే చెప్పేదాన్నిగా," అంది.

"మీకు క్లియరెన్స్ లేదుగా అత్తయ్యా."

"ఉందిలే. మీ మీసాలు కడిగే క్లియరెన్స్."

నిదానం నాన్న వాచీ చేతికి పెట్టుకున్నాడు. అయిదు గంటలు ఆలస్యంగా కీ ఇచ్చాడు. ముసలాయన చీటీని ఫైల్లో పెట్టడానికి మనసొప్పక పర్సులో పెట్టుకున్నాడు. అంతలో ఫోన్ మోగింది.

"అన్నయ్యా, తొందరగా కట్టెయ్యమన్నావుగా, కట్టేశాను," అంది చెల్లి. "ఎందుకో చెప్పవుగా?"

"ఊరికే."



"ఊపిరి పీల్చావు," అంది చెల్లి. మెల్లిగా, "నీలం దారం ఇంకా ఉంది," అని పెట్టేసింది.

చీఫ్ పిలుస్తున్నాడని కబురొచ్చింది. గాడ్జెట్ల గది కింది అంతస్తులో ఉంది. నిదానం మళ్లీ మెట్లు మొదలుపెట్టాడు. చీఫ్ పైన రెయిలింగ్ మీద వాలి, చేతిలో లావుపాటి కాగితాల కట్టతో ఎదురుచూస్తున్నాడు.

"డీకోడింగ్ సెక్షన్ రిపోర్టు వచ్చింది. నలభై పేజీలు. నాలుగో ప్లాట్‌ఫారమేనట," అన్నాడు. "అది సరే, సంపెంగ మనకెందుకు సాయం చేసింది?"

"లిస్టులో పన్నెండో పేరు తనదేనన్నాను."

"ఉన్నవి పదకొండేగా!"

"ఆమె లెక్కపెట్టుకోలేదుగా."

చీఫ్ నవ్వు ఆపుకుని గొంతు సవరించుకున్నాడు. కింద నిదానం నాలుగు మెట్లెక్కి ఆగాడు. ఊపిరి తీసుకుని ఇంకో నాలుగెక్కి ఆగాడు.

"ఏంటయ్యా అలా ఆగి ఆగి వస్తున్నావు?"

"బ్యాటరీ సగమే ఉంది చీఫ్," అన్నాడు నిదానం. "టైం మాత్రం కరెక్టే."